ఎవరి మాట, ఎవరి నోట? సోవియట్ రాజ్య ప్రచార చరిత్ర

ప్రచారం అనే మాటని మనం రెండు రకాలుగా వాడుతుంటాం. మనవాళ్లు చేస్తే చైతన్యం అంటాం. అవతలివాళ్లు చేస్తే ప్రాపగాండా అంటాం, అంటే ఒట్టి అబద్ధమని అర్థం. సోవియట్ యూనియన్‌లో 1917 నుంచి 1991 దాకా నడిచిన రాజ్య ప్రచారాన్ని అర్థం చేసుకోడానికి ఈ రెండు అలవాట్లూ పనికిరావు. ఆ ప్రచారం చెప్పిందంతా అబద్ధం కాదు. జారు కాలంలో రైతు పడ్డ బాధ నిజం. అక్షరం ముక్క రాని కోట్లమందికి ఇరవై ఏళ్లలో చదువు రావడం నిజం. అదే రాజ్యం 1932-33లో లక్షలాది రైతులు తిండిలేక చచ్చిపోతుంటే కరువు అనే మాటని తన పత్రికల్లోకి రానివ్వలేదు. అదీ నిజమే. ఒకే యంత్రంలోంచి ఈ రెండూ ఎట్లా వచ్చాయి? ఈ వ్యాసంలో మేము పరిశీలించదల్చుకున్న ప్రశ్న ఇది.

మా వాదన ముందే చెప్తాం. రాజ్య ప్రచారానికి బలం అబద్ధం ఆడటం నుంచి రాదు. అణగారినవాళ్ల నిజమైన బాధను తీసుకుని, వాళ్ల తరఫున తానే మాట్లాడి, వాళ్లు తిరిగి జవాబు చెప్పే వీలు లేకుండా చెయ్యడంలోంచి వస్తుంది. సోవియట్ పోస్టర్లో కూలివాడికి, రైతు స్త్రీకి, నల్లజాతి మనిషికి చోటు దొరికింది. అంతకుముందు ఏ రాజ్యమూ వాళ్లకి అంత పెద్ద బొమ్మ వేయలేదు. కానీ బొమ్మలో చోటు వేరు, మాటలో చోటు వేరు. ఈ తేడాని పట్టించుకోకపోతే ఆ చరిత్రలో మంచీ అర్థం కాదు, చెడూ అర్థం కాదు.

1. అధికారం లేనప్పటి ప్రచారం, అధికారం వచ్చాక ప్రచారం

రష్యన్ విప్లవకారులు ప్రచారం, ఆందోళన అనే రెండు మాటల్ని వేరుచేసి వాడేవాళ్లు. ప్లెఖనోవ్ చేసిన ఈ విభజనని లెనిన్ 1902లో 'ఏం చెయ్యాలి?' అన్న రచనలో వివరించాడు. ప్రచారకుడు కొద్దిమందికి అనేక భావాలను విడమరిచి చెప్తాడు. ఆందోళనకారుడు ఒకే ఒక్క భావాన్ని, అందరికీ తెలిసిన ఒక ఉదాహరణతో, వేలమందికి ఎక్కిస్తాడు. అంతకు ఏడాది ముందు, 1901లో, పత్రిక అనేది ప్రచారం చెయ్యడంతో సరిపెట్టుకోకూడదు, మనుషుల్ని కూడగట్టి నిర్మాణం కూడా చెయ్యాలి అని లెనిన్ ఇస్క్రా పత్రికలో రాశాడు.

ఇవన్నీ పోలీసుల కళ్లు గప్పి పత్రికలు పంచుకునే రోజుల నాటి మాటలు. అప్పుడు ఎదురుగా జారు సెన్సారు ఉంది, చర్చి ఉంది, భూస్వామి ఉన్నాడు. విప్లవకారుడు ఒక మాట చెప్తే దానికి ఎదురు చెప్పేవాళ్లు పదిమంది ఉన్నారు. వినేవాడు రెండూ విని తేల్చుకునే అవకాశం ఎంతోకొంత ఉంది.

1917 నవంబరులో అధికారం చేతికి వచ్చిన రెండు రోజులకే పరిస్థితి మారింది. ప్రజా కమిసార్ల మండలి పత్రికల మీద ఒక ఉత్తర్వు తెచ్చింది. కొత్త ప్రభుత్వాన్ని ఎదిరించమని పిలుపునిచ్చే పత్రికల్ని మూసేయవచ్చు అన్నారు. ఇది తాత్కాలికమే, పరిస్థితులు కుదుటపడగానే ఎత్తేస్తాం అని కూడా అందులోనే రాశారు. మొదట దెబ్బతిన్నవి ధనికుల పత్రికలు. ఆ తర్వాత ఇతర సోషలిస్టుల పత్రికలు, రైతుల తరఫున మాట్లాడిన పార్టీల పత్రికలు ఒక్కొక్కటే పోయాయి. 1920లో పార్టీ కేంద్ర కమిటీలో ప్రచారాందోళన శాఖ ఏర్పడింది. అజిత్‌ప్రోప్ అని లోకమంతా పిలిచింది దీన్నే. 1922 జూన్‌లో గ్లావ్లిత్ అనే సెన్సారు సంస్థ వచ్చింది. ఒక చెయ్యి మాట్లాడుతుంది, ఇంకో చెయ్యి మిగతావాళ్ల నోరు మూస్తుంది. తాత్కాలికం అన్న ఉత్తర్వు స్వభావం 1990 దాకా పోలేదు.

ఎదురు చెప్పేవాళ్లు ఉన్నచోట చేసే ప్రచారమూ, ఎదురు చెప్పేవాళ్లని ముందే తీసేసి చేసే ప్రచారమూ పేరుకి ఒకటే. పనిలో రెండూ వేరు. సోవియట్ చరిత్రలో మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

2. అక్షరం వచ్చిన దారి

ఈ చరిత్రలో మేము తేలిగ్గా దాటిపోలేని అధ్యాయం చదువు. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లు ఎక్కినవాళ్లం మేమే మొదటివాళ్లం. అక్షరం లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఎవరూ మాకు చెప్పనక్కర్లేదు. అందుకే రాజ్యం తన పేదలకి చదువు నేర్పిందంటే, అది ఏ ఉద్దేశంతో నేర్పినా, మేము దాన్ని చిన్నబుచ్చలేం.

1897 జనాభా లెక్కల ప్రకారం రష్యన్ సామ్రాజ్యంలో 9 నుంచి 49 ఏళ్ల వయసువాళ్లలో చదవగలిగినవాళ్లు నూటికి 30 మంది కూడా లేరు. పల్లెల్లో, ఆడవాళ్లలో, మధ్య ఆసియాలో ఇంకా ఘోరం. 1919 డిసెంబరు 26న నిరక్షరాస్యతా నిర్మూలన ఉత్తర్వు వచ్చింది. 8 నుంచి 50 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి మనిషీ రష్యన్‌లోనో, తన సొంత భాషలోనో చదవడం రాయడం నేర్చుకోవాలి. నేర్చుకునే కార్మికుడికి రోజుకు రెండు గంటల పని తగ్గించాలి, కూలి మాత్రం తగ్గించకూడదు. అంతర్యుద్ధం నడుస్తోంది, తిండి లేదు, కాగితం లేదు. ఆ స్థితిలో ఈ పని మొదలైంది. పల్లెల్లో పఠన కుటీరాలు వెలిశాయి. 9 నుంచి 49 ఏళ్లవాళ్లలో అక్షరాస్యులు 1926 నాటికి నూటికి 57 మంది, 1939 లెక్కల ప్రకారం 87 మంది.

పెద్దవాళ్ల కోసం ఆ రోజుల్లో అచ్చువేసిన ఒక వాచకంలో మొదటి పాఠమే తాము బానిసలం కామని చెప్పే వాక్యం. వయసు మళ్లిన రైతు కూలీ వణికే వేళ్లతో మొట్టమొదట రాసిన వాక్యం అది. దాని విలువ మనకి తెలుసు.

అయితే చదువు రానివాడు రాజకీయాలకి బయటే ఉండిపోతాడు, కాబట్టి ముందు అతనికి అఆలు నేర్పాలి అన్నది లెనిన్ ఆలోచన. అంటే చదువు మొదటినుంచీ ప్రచారానికి తలుపు. అక్షరాలు రాని ప్రాంతాలకి ముందు బొమ్మలు వెళ్లాయి. 1918 నుంచి ప్రచార రైళ్లు నడిచాయి. పెట్టెల మీద రంగుల బొమ్మలు, లోపల చిన్న అచ్చుయంత్రం, సినిమా, పుస్తకాలు, ఉపన్యాసకులు. 1919లో 'ఎర్ర నక్షత్రం' అనే స్టీమరు వోల్గా నది మీద తిరిగింది. లెనిన్ భార్య, విద్యాశాఖలో పనిచేస్తున్న క్రుప్‌స్కయా అందులో ప్రయాణించింది. వార్తాసంస్థ రోస్టా 1919 నుంచి ఖాళీ దుకాణాల అద్దాల్లో చేతితో వేసిన పోస్టర్లు పెట్టింది. కవి మయకోవ్‌స్కీ, చిత్రకారుడు చెరెమ్నిఖ్ రాత్రీ పగలూ కూర్చుని వాటిని తయారుచేసేవాళ్లు. పొద్దున వచ్చిన తంతివార్త సాయంత్రానికి బొమ్మగా గోడెక్కేది.

ఇక్కడిదాకా ఇది ఎవరైనా మెచ్చుకోదగ్గ పనే. చిక్కు ఆ తర్వాత వచ్చింది. చదవడం నేర్పిన చెయ్యే ఏం చదవాలో నిర్ణయించింది. జారుని పొగిడిన పుస్తకాలు, మత గ్రంథాలు ముందు తీసేశారు. తర్వాత పార్టీలోనే ఓడిపోయినవాళ్ల పుస్తకాలు తీసేశారు. పెద్ద లైబ్రరీల్లో తాళాలు వేసిన ప్రత్యేక గదులు వచ్చాయి. అనుమతి కాగితం ఉన్నవాడికే ఆ గదిలోకి ప్రవేశం. మధ్య ఆసియాలోని తుర్కీ భాషల లిపి 1920ల చివర అరబ్బీ నుంచి లాటిన్‌కి మారింది. పదీ పదిహేనేళ్లు తిరక్కుండానే మళ్లీ లాటిన్ నుంచి రష్యన్ లిపికి మారింది. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేడు. అక్షరాస్యత పెరిగింది, కానీ వెనకటి మాటతో లంకె తెగింది. చదువు అందరికీ అందడమూ, జ్ఞానం తాళంవేసిన గదిలో ఉండటమూ ఒకేసారి జరగొచ్చని సోవియట్ అనుభవం చూపిస్తుంది.

3. రైతు రాసిన ఉత్తరం

1920లలో ఒక చిన్న కిటికీ తెరుచుకుని ఉంది. కర్మాగారాల నుంచి, పల్లెల నుంచి మామూలు మనుషులు పత్రికలకి రాసే ఉద్యమం మొదలైంది. వాళ్లని కార్మిక విలేఖరులు, గ్రామ విలేఖరులు అనేవాళ్లు. నిన్నమొన్న అక్షరాలు దిద్దినవాళ్లు తమ ఫ్యాక్టరీ మేనేజరు తాగివచ్చి తిడుతున్నాడని, సహకార సంఘం గుమాస్తా కిరోసిన్ కాజేస్తున్నాడని రాసేవాళ్లు. కొందరు అట్లా రాసినందుకు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు.

1923లో రైతుల కోసమే 'క్రెస్త్యాన్‌స్కయా గజేతా' అనే పత్రిక పెట్టారు. రైతుల పత్రిక అని దాని అర్థం. అది కొన్నాళ్లకే లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. దానికి వచ్చిన ఉత్తరాలు కూడా లక్షల్లోనే. పన్నులెందుకు ఇంత? పట్నం సరుకు ధర ఎక్కువ, మా ధాన్యం ధర తక్కువ ఎందుకు? కార్మికులకి సంఘాలున్నాయి, మాకు రైతు సంఘం ఎందుకు లేదు? ఇవీ ఆ ఉత్తరాల్లో కనిపించే ప్రశ్నలు.

ఈ ఉత్తరాలకి ఏమైంది? కొద్దివి మాత్రం అచ్చయ్యాయి. మిగతావాటిని విషయాలవారీగా విడదీసి, సారాంశాలు తయారుచేసి పై నాయకులకి పంపేవాళ్లు. గుమాస్తా దొంగతనం గురించి రాస్తే అచ్చులో చోటు దొరికేది. రైతు సంఘం కావాలని రాస్తే అది నిఘా నివేదికలో ఒక పంక్తి అయ్యేది. చిన్న అధికారిని తిట్టవచ్చు, విధానాన్ని ప్రశ్నించకూడదు. ఆ గీత ఎక్కడుందో రాసేవాడికి ఎవరూ చెప్పలేదు. దాటాకే తెలిసేది.

రైతు మాట్లాడాడు. రాజ్యం విన్నది కూడా. కానీ ఒక రైతు మాట ఇంకో రైతుకి చేరలేదు. పాలకుడికి విన్నపం చేసుకునే హక్కు రాజుల కాలంలోనూ ఉంది. తోటివాడితో బహిరంగంగా మాట్లాడి, కలిసి నిలబడే హక్కు దానికన్నా వేరు. 1920ల ఉత్తరాల్లో మొదటిది ఉంది, రెండోది లేదు. దీని ఫలితం పదేళ్లు తిరక్కుండానే కనపడింది. 1939లో ఆ పత్రికే మూతపడింది.

4. నల్లబల్ల

1929 చివర సమష్టి వ్యవసాయం బలవంతంగా మొదలైంది. దానికి కావలసిన మాటల్ని ప్రచారమే తయారుచేసి ఇచ్చింది. కులక్ అన్న మాట చూడండి. మొదట అది ఊళ్లో వడ్డీలకిచ్చి, కూలీల్ని పెట్టుకుని బతికే ధనిక రైతుకి పేరు. పేద రైతుకి అతని మీద కోపం ఉండటం సహజం. 1930 నాటికి సమష్టి క్షేత్రంలో చేరనన్న ప్రతివాడి మీదా ఆ మాట పడింది. రెండావుల రైతు కులక్. ఆవు లేనివాడు ఎదురు చెప్తే కులక్ తొత్తు. పేదల కోపంలోంచి పుట్టిన మాటని పేదల మీదే తిప్పారు. దాదాపు 20 లక్షల మందిని కుటుంబాలతో సహా ఉత్తరానికి, సైబీరియాకి, కజకిస్తాన్‌కి తోలేశారు.

ధాన్యం సేకరణలో ఊళ్ల మధ్య పోటీ పెట్టారు. బాగా ఇచ్చిన ఊరి పేరు ఎర్రబల్ల మీద, ఇవ్వని ఊరి పేరు నల్లబల్ల మీద రాసేవాళ్లు. పత్రికల్లోనూ వేసేవాళ్లు. మొదట అది సిగ్గు తెప్పించే ప్రచారం. 1932 నవంబరులో ఉక్రెయిన్‌లో అది శిక్ష అయింది. నల్లబల్ల మీద పేరు పడిన ఊరికి దుకాణం సరుకు ఆపేశారు, ఉన్న సరుకు ఎత్తుకెళ్లారు, కొనుగోళ్లూ అమ్మకాలూ నిషేధించారు. 1932 ఆగస్టు 7 చట్టం ప్రకారం సమష్టి పొలంలో ధాన్యం తీసినవాడికి మరణశిక్ష, తక్కువలో తక్కువ పదేళ్ల జైలు. 1933 జనవరిలో ఉక్రెయిన్, కుబాన్ రైతులు తిండికోసం వేరే చోట్లకి పోకుండా రైల్వే టిక్కెట్లు ఆపించారు.

ఉక్రెయిన్‌లో 35 లక్షలకు పైగా, కజకిస్తాన్‌లో సుమారు 15 లక్షలు, ఇంకా వోల్గా, ఉత్తర కాకసస్ ప్రాంతాల్లో లక్షలమంది చనిపోయారని చరిత్రకారుల అంచనాలు. కజకులు పశువుల మీద బతికే జనం. వాళ్ల పశువులు పోయాక వాళ్ల జాతిలో మూడోవంతుకు పైగా పోయింది. ఆ రెండేళ్లూ ధాన్యం ఎగుమతి ఆగలేదు.

అప్పుడు పత్రికలు ఏం రాశాయి? ట్రాక్టర్ల గురించి, కోతల గురించి, కులక్‌ల కుట్రల గురించి రాశాయి. కరువు అన్న మాట లేదు. మాట లేకపోతే సహాయం అడగడానికి కూడా వీల్లేదు. 1921లో కరువొస్తే అప్పటి ప్రభుత్వం ఒప్పుకుంది, గోర్కీ చేత విజ్ఞప్తి చేయించింది, బయటి దేశాల తిండి వచ్చింది, లక్షల ప్రాణాలు నిలబడ్డాయి. 1933లో ఒప్పుకోలేదు. ఉక్రెయిన్ పల్లెల్లో నడిచి చూసిన వేల్స్ విలేఖరి గారెత్ జోన్స్ 1933 మార్చి చివర బెర్లిన్‌లో ఆ సంగతి బయటపెట్టాడు. రెండు రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేఖరి వాల్టర్ డురాంటీ దాన్ని కొట్టిపారేస్తూ రాశాడు. అతనికి అంతకు ఏడాది ముందే పులిట్జర్ బహుమతి వచ్చి ఉంది. చచ్చిపోతున్న రైతు తన చావుని తాను చెప్పుకోడానికి ఒక్క పత్రిక లేదు. అతని గురించి ఇద్దరు విదేశీయులు వాదించుకున్నారు.

5. వీరుడి వెనక పని

1935 ఆగస్టు 30 రాత్రి దాన్‌బాస్‌లోని ఒక గనిలో అలెక్సీ స్తఖనోవ్ ఒకే షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్వాడని ప్రకటించారు. షిఫ్టుకి నిర్ణయించిన కొలత 7 టన్నులు. అంటే పద్నాలుగు రెట్లు. ఆ రాత్రి గనిలోకి పార్టీ కార్యకర్తా, గని పత్రిక సంపాదకుడూ కూడా దిగారు. స్తఖనోవ్ తవ్వుతూ పోతే, వెనకాల దూలాలు నిలబెట్టే పని వేరే ఇద్దరు చేశారు. మామూలు రోజుల్లో ఆ పని కూడా తవ్వేవాడే చేసుకోవాలి. తవ్వింది నిజమే. పని విభజన కూడా తెలివైనదే. కానీ పోస్టర్లోకి ఒక్కడే వచ్చాడు. దూలాలు నిలబెట్టినవాళ్లు రాలేదు.

మట్టి పని చేసే మనిషి దేశానికి వీరుడు కావడం చిన్న సంగతి కాదు. చెమటని నీచంగా చూసే సమాజాల్లో పుట్టినవాళ్లకి ఆ బొమ్మ ఎంత బలంగా తగులుతుందో మేము ఊహించుకోగలం. అయితే 1936లో ఏమైందో చూడాలి. ఒకడు చెయ్యగలిగితే అందరూ చెయ్యగలరని పరిశ్రమల్లో పని కొలతలు పెంచారు. పాత కూలి రావాలంటే ఎక్కువ పని చెయ్యాలి. వీరుడి బొమ్మ తోటి కార్మికుడి మీద కొరడా అయింది. తమ గనిలో రికార్డులు పెట్టేవాళ్లని తోటి కార్మికులు కొట్టిన సంఘటనలున్నాయి. వాళ్లని విధ్వంసకులన్నారు. కొలత పెంచొద్దని సమ్మె చేసే సంఘం అక్కడ లేదు. ఉన్న సంఘాలు కొలత పెంచేవాళ్ల పక్షాన ఉన్నాయి.

6. తెర మీద సమానత్వం

1936లో 'సిర్కస్' అనే సినిమా వచ్చింది. దర్శకుడు గ్రిగోరీ అలెక్సాంద్రోవ్. నల్లజాతి బిడ్డని కన్నందుకు అమెరికాలో తరిమేసిన తెల్ల స్త్రీ, సోవియట్ దేశం వస్తుంది. చివర సర్కస్ చూడవచ్చిన జనం ఆ బిడ్డని చేతుల మీదుగా అందుకుంటూ, తలా ఒక భాషలో జోలపాట పాడతారు. పుట్టుకని బట్టి మనిషిని వెలివేసే చోట బతికినవాళ్లు ఆ దృశ్యం చూసి కదిలిపోకుండా ఉండటం కష్టం. యిద్దిష్ భాషలో ఆ పాట అందుకున్న నటుడు సొలొమోన్ మిఖోయెల్స్. 1948 జనవరిలో స్తాలిన్ ఆజ్ఞతో అతన్ని చంపి, ప్రమాదమని ప్రకటించారు. ఆ తర్వాత సినిమాలోంచి అతని ముక్కని కత్తిరించారు. జోలపాటలోంచి ఒక భాష పోయింది.

1932లో ఇంకో సినిమా తలపెట్టారు. అమెరికాలో నల్లజాతి కార్మికుల బతుకు మీద సినిమా తీస్తామని 22 మంది నల్లజాతి యువకుల్నీ యువతుల్నీ మాస్కోకి పిలిచారు. అందులో కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఉన్నాడు. స్క్రిప్టు రాసినవాళ్లకి అమెరికాలో నల్లవాళ్ల బతుకే తెలియదని అతను చదవగానే పట్టుకున్నాడు. కొద్ది నెలల్లో సినిమా ఆగిపోయింది. అమెరికాతో దౌత్య సంబంధాల కోసం సోవియట్ ప్రభుత్వం ప్రయత్నిస్తున్న రోజులవి. ఆ సంబంధాల కోసమే తమని పక్కన పెట్టారని బృందంలో కొందరు బహిరంగంగా ఆరోపించారు. హ్యూస్ మాత్రం స్క్రిప్టు పనికిరాకపోవడమే కారణమన్నాడు. 1933 నవంబరులో సంబంధాలు కుదిరాయి.

రాబర్ట్ రాబిన్‌సన్ జీవితం ఈ మొత్తానికి అద్దం. జమైకాలో పుట్టి డెట్రాయిట్‌లో ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన నల్లజాతి కార్మికుడు. 1930లో స్తాలిన్‌గ్రాద్ ట్రాక్టర్ ఫ్యాక్టరీకి పనికొచ్చాడు. అక్కడ ఇద్దరు తెల్ల అమెరికన్లు అతన్ని కొట్టారు. సోవియట్ ప్రభుత్వం వాళ్లని విచారించి దేశంలోంచి వెళ్లగొట్టింది. ఆ రోజుల్లో ఇంకే పెద్ద దేశం ఒక నల్ల కార్మికుడి కోసం ఆ పని చేసేది? పత్రికలు అతని బొమ్మ వేశాయి. 1934లో అతన్ని మాస్కో సోవియట్‌కి ఎన్నుకున్నారు. అతను తర్వాత సోవియట్ పౌరుడయ్యాడు. దేశం వదిలి వెళ్లాలని ఎన్నో ఏళ్లు దరఖాస్తులు పెట్టుకుని, చివరికి 1974లో బయటపడ్డాడు. 1988లో వచ్చిన తన ఆత్మకథలో, తానక్కడ మామూలుగా రంగు వివక్షని ఎదుర్కొన్నానని, ఆ మాట పైకి అనే వీలే లేదని చెప్పుకున్నాడు. ఆ దేశంలో జాతి వివక్ష లేదని రాజ్యం ప్రకటించేసింది కదా. లేనిదాని మీద ఫిర్యాదు ఎట్లా చేస్తారు?

ఈ ఒక్క సంగతి దగ్గర మనం ఆగి ఆలోచించాలి. వివక్ష ఉందని ఒప్పుకునే చోట దానిమీద పోరాడే అవకాశం ఉంటుంది. వివక్ష పోయిందని అధికారికంగా ప్రకటించిన చోట, ఉందన్నవాడే నేరస్తుడవుతాడు. 'జాతుల మైత్రి' నినాదం మారుమోగుతున్న కాలంలోనే 1937లో దూరప్రాచ్యం నుంచి సుమారు 1,70,000 మంది కొరియన్లని మధ్య ఆసియాకి తోలారు. 1944 ఫిబ్రవరిలో దాదాపు 5 లక్షల మంది చెచెన్, ఇంగుష్ ప్రజల్ని, అదే మే నెలలో క్రిమియా తాతార్లని రైలు పెట్టెల్లో ఎక్కించి పంపారు. దారిలోనూ చేరినచోటా వేలకు వేలు చచ్చిపోయారు. వాళ్ల ఊళ్ల పేర్లు పటాల్లోంచి మార్చేశారు. మైత్రి పోస్టర్లో వాళ్ల బొమ్మ తీసేస్తే సరిపోయింది.

7. చెరిపివేత

సోవియట్ ప్రచారం కొత్తవి చెప్పడంతో పాటు పాతవి తుడిచేసే పనికూడా క్రమపద్ధతిలో చేసింది. 1938లో వచ్చిన పార్టీ చరిత్ర 'సంక్షిప్త పాఠం' 4 కోట్ల ప్రతులకు పైగా, 60కి పైగా భాషల్లో అచ్చయింది. విప్లవం నడిపిన నాయకుల్లో ఎక్కువమంది అందులో ద్రోహులు. మాస్కో కాలవ గట్టున స్తాలిన్ పక్కన నడిచిన పోలీసు అధిపతి యెజోవ్‌ని 1940లో కాల్చేశాక, ఆ ఫొటోలో అతనున్న చోట నీళ్లు కనిపించాయి. 1953లో బేరియాని చంపాక, బృహత్ సోవియట్ విజ్ఞానసర్వస్వం చందాదారులకి కొత్త పేజీలు పంపించారు. పాత పేజీలు కత్తిరించి, బేరింగ్ సముద్రం మీద వ్యాసం ఉన్న ఈ పేజీలు అతికించుకోండి అని అందులో సూచన. చదువరి తన ఇంట్లో, తన చేత్తో, తానే చెరిపివేతలో పాలుపంచుకోవాలి.

అన్నిటికంటే విచిత్రం 1937 జనాభా లెక్క. మనుషుల్ని లెక్కపెడితే 16 కోట్ల 20 లక్షలు వచ్చారు. నాయకత్వం ముందే చెప్పుకున్న సంఖ్య దానికంటే ఎక్కువ. తగ్గిన మనుషుల్లో కరువుకి పోయినవాళ్లున్నారు. పైగా పదహారేళ్లు దాటినవాళ్లలో సగానికి పైగా మాకు దేవుడి మీద నమ్మకం ఉందని రాయించారు. ఇరవై ఏళ్ల నాస్తిక ప్రచారం తర్వాత వచ్చిన జవాబు అది. లెక్కల్ని దాచేశారు. లెక్కవేసిన అధికారుల్ని అరెస్టు చేశారు, కొందర్ని కాల్చారు. 1939లో మళ్లీ లెక్కవేసి 17 కోట్లని ప్రకటించారు.

1937 లెక్క మాకు చాలా ముఖ్యమైన పత్రంగా కనిపిస్తుంది. మాట్లాడటానికి ఏ చోటూ లేని ప్రజలు, ఒక ప్రశ్నాపత్రం మీద, ఒక్క రాత్రి, ఒక్క మాట చెప్పగలిగారు. రాజ్యం ఆ ఒక్క మాటనీ భరించలేకపోయింది.

8. నమ్మకం పోయిన మాట

1956 ఫిబ్రవరి 25న క్రుశ్చేవ్ స్తాలిన్ నేరాల గురించి పార్టీ మహాసభలో మాట్లాడాడు. తలుపులు మూసి మాట్లాడాడు. ఆ ఉపన్యాసం సోవియట్ ప్రజలకు అచ్చులో దొరికింది 1989లో. నిజం చెప్పేటప్పుడు కూడా ఎవరికి చెప్పాలో రాజ్యమే నిర్ణయించింది. 1960లలో కార్బన్ కాగితాలు పెట్టి టైపుకొట్టి చేతులు మార్చుకునే రాతలు మొదలయ్యాయి. 1968 ఏప్రిల్‌లో మొదలైన 'వర్తమాన ఘటనల దినచర్య' అనే పత్రిక ఎవరిని ఎక్కడ అరెస్టు చేశారో, ఏ శిక్ష వేశారో వ్యాఖ్యానం లేకుండా రాసేది. క్రిమియా తాతార్లు సొంతూళ్లకి తిరిగిపోడానికి చేస్తున్న పోరాటం అచ్చులో కాకపోయినా అందులో కనిపించింది.

1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక చెర్నోబిల్ అణు రియాక్టరు పేలింది. స్వీడన్‌లో కొలిచే యంత్రాలు పట్టేదాకా, 28వ తేదీ సాయంత్రం దాకా, ఒక్క మాట లేదు. వచ్చిన ప్రకటన కూడా నాలుగైదు వాక్యాలే. మే 1న కీవ్‌లో పిల్లలతో సహా ఊరేగింపు జరిపించారు. గోర్బచేవ్ టీవీలో మాట్లాడింది మే 14న. 1933లో రైతుకి జరిగినదే 1986లో అందరికీ జరిగింది. తమ ఒంటికి ఏమవుతోందో తమకి చెప్పలేదు. ఇక ఆ తర్వాత రాజ్యం నిజం చెప్పినా నమ్మేవాళ్లు కరువయ్యారు. 1990 జూన్‌లో పత్రికా చట్టం సెన్సారుని రద్దుచేసింది. ఏడాదిన్నరకి రాజ్యమే లేకుండా పోయింది.

9. మన దాకా వచ్చిన పుస్తకం

ఈ చరిత్ర మనకి బయటిది కాదు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు దశాబ్దాలపాటు తెలుగులో పుస్తకాలు వేశాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివాళ్లు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. విశాలాంధ్ర పుస్తకశాలల్లో అవి చాలా చౌకగా దొరికేవి. నున్నటి కాగితం, గట్టి అట్ట. 'సోవియట్ భూమి' పత్రిక అట్టలు పల్లెటూరి పిల్లల పుస్తకాలకి అట్టలయ్యాయి. డబ్బులేని ఇళ్లల్లోకి టాల్‌స్టాయ్, చెహోవ్, గోర్కీ వచ్చారంటే ఆ రాజ్యం ఖర్చు పెట్టబట్టే. కూలి మనిషి కథానాయకుడు కాగలడని చాలామందికి మొదట చెప్పింది ఆ పుస్తకాలే. ఈ రుణం ఒప్పుకోవాలి.

ఆ అరలో ఏం లేదో కూడా ఒప్పుకోవాలి. 1933 కరువు లేదు. సోల్జెనిత్సిన్ లేడు. రాబిన్‌సన్ దరఖాస్తులు లేవు. ఆ దేశపు మనిషి గురించి మనకి చెప్పింది ఆ దేశపు రాజ్యం. మనం ఆ మాటని అతని మాటే అనుకున్నాం.

1956 నవంబరులో ఖాట్మండులో అంబేద్కర్ బుద్ధుణ్నీ మార్క్స్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడాడు. దోపిడీ పోవాలనే లక్ష్యంతో ఆయనకి తగాదా లేదు. బలప్రయోగంతో నిలబెట్టినది ఆ బలం తీసేశాక నిలుస్తుందా అన్నదే ఆయన ప్రశ్న. మనిషి మనసు మారి, తన ఇష్టంతో నడిచే దారి కావాలన్నాడు. మనసు మార్చడమంటే ప్రచారమే కదా అని ఎవరైనా అడగొచ్చు. తేడా ఉంది. ఒప్పించే చోట కాదు అనే హక్కు ఎదుటివాడికి ఉంటుంది. ఆ హక్కు లేనిచోట తల ఊపడమే ఉంటుంది. ముప్ఫయ్ అయిదేళ్ల తర్వాత ఆ బలం పోయింది. దానితోపాటు ఊపిన తలలూ ఆగిపోయాయి.

సోవియట్ రాజ్యం పోయినా ఈ పద్ధతి పోలేదు. పేదల పేరుతో, వెనకబడినవాళ్ల పేరుతో మాట్లాడని ప్రభుత్వం ఈ రోజు ఎక్కడా లేదు. గోడ మీద, తెర మీద మనలాంటివాళ్ల బొమ్మ కనిపించినప్పుడు ముందు సంతోషం కలుగుతుంది. అది తప్పేం కాదు. ఆ తర్వాత కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. బొమ్మలో ఉన్న మనిషికి ఆ బొమ్మ బాగాలేదని చెప్పే వీలుందా? అతను చెప్తే అచ్చువేసే పత్రిక ఉందా? అతని మాట తోటివాళ్లకి చేరుతుందా, ఫైలులోకి మాత్రమే చేరుతుందా? మన సొంత సంఘాల్లో, మన సొంత పత్రికల్లో కూడా ఇవే ప్రశ్నలు వేసుకోవాలి. చదువు నేర్చుకున్న మేము, చదువు అందని మా వాళ్ల తరఫున రాస్తున్నప్పుడు, వాళ్లు మాకు ఎదురు చెప్పగలిగే చోటు ఎక్కడుందో చూసుకోవాల్సిన బాధ్యత మా మీదా ఉంది.